సుందర్‌గఢ్‌లో హాకీ ఉంది, మన ఏజెన్సీ కాలేజీల్లో ఏముంది?



ఒక చిన్న పని చెప్తాను. ఒక్క నిమిషం మీ కాలేజీని కళ్లముందుకు తెచ్చుకోండి. ఇంటర్ అయినా సరే, డిగ్రీ అయినా సరే. గ్రౌండ్ ఎక్కడుంది? ఉంటే పోయిన వారం అందులో ఎవరు ఆడారు? మీ కాలేజీకి జట్టు అనేది ఒకటుందా? ఉంటే కెప్టెన్ పేరు మీకు తెలుసా?

మనలో చాలామందికి ఈ ప్రశ్నలే వింతగా అనిపిస్తాయి. కాలేజీకి ఆటకి సంబంధం ఏంటి అనిపిస్తుంది. పంజాబ్‌లోనో, కేరళలోనో, ఒడిశా సుందర్‌గఢ్‌లోనో చదివే పిల్లల్ని ఇదే అడగండి. టక్కున చెప్తారు. ఈ తేడా ఎందుకొచ్చిందో మాట్లాడుకుందాం, ఎందుకంటే మన పిల్లలు దీనివల్ల పోగొట్టుకుంటున్నది కప్పులూ మెడల్సూ మాత్రమే కాదు.

నేను ఇంటర్ చదివింది పట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో. మూడంతస్తుల అద్దె బిల్డింగు. కింద ఆఫీసు, మధ్యలో క్లాసులు, పైన హాస్టలు. మొదటి రోజే ఒక లెక్చరర్ మా ఊరు ఎక్కడో అడిగి, భద్రాచలం అవతల అని చెప్పగానే, "మీ ఏజెన్సీ పిల్లలకి స్టామినా రక్తంలోనే ఉంటదిరా" అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకున్నాను. ఆ రెండేళ్లలో ఆ స్టామినాని మెట్లెక్కడానికి తప్ప ఇంక దేనికీ వాడలేదు. ఆశ్రమ పాఠశాలలో ఉన్నప్పుడు జోనల్ మీట్‌లో 800 మీటర్లు పరిగెత్తినవాణ్ణి. ఇంటర్ అయ్యేసరికి కళ్లద్దాలొచ్చాయి, నడుం నొప్పి వచ్చింది.

ఈ రక్తం మాటని మనోళ్లు కూడా మురిసిపోయి షేర్ చేస్తుంటారు. ఆదివాసీ అంటే పుట్టుకతోనే పరుగు, పుట్టుకతోనే గురి అని. నాకు ఆ మాటంటే కోపం. రక్తంలోనే ఉన్నప్పుడు ఇంక గ్రౌండ్ ఎందుకు, కోచ్ ఎందుకు, రోజుకి రెండు గుడ్లు ఎందుకు? ఖర్చు తప్పించుకునేవాళ్లకి అంతకంటే మంచి మాట దొరకదు. మెడల్ వస్తే రక్తం గొప్పది, రాకపోతే మనం బద్ధకస్తులం. సర్కారు లెక్క ఎటొచ్చీ తేలిపోతుంది.

సరే, రక్తమే అనుకుందాం. మరి ఒరాఁవ్, ముండా, ఖరియా పిల్లలు హాకీ ఎందుకు ఆడుతున్నారు? మిజో పిల్లలు ఫుట్‌బాల్ ఎందుకు ఆడుతున్నారు? మన కోయ, గోండు, కొండరెడ్డి, బగత, జాతాపు, సవర పిల్లలు పదో తరగతి దాకా వాలీబాలో కబడ్డీయో ఆడి ఆ తర్వాత ఏమీ ఆడకుండా ఎందుకు ఆగిపోతున్నారు? రక్తం ఇన్ని రకాల ఆటలు నేర్పదు కదా.

సుందర్‌గఢ్ సంగతి చూడండి. ఒడిశాలో ఆ జిల్లా, దానికి ఆనుకుని జార్ఖండ్‌లో సిమ్‌డేగా, ఖుంటి. అక్కడికి హాకీ మిషనరీ స్కూళ్లతో వచ్చింది. వచ్చింది బయటినుంచే, కానీ ఊళ్లు దాన్ని సొంతం చేసుకున్నాయి. పిల్లలు వెదురు బొంగునో వంకర కొమ్మనో కర్రగా చేసుకుని ఆడతారు. కోతలైపోయాక ఊరికీ ఊరికీ మధ్య టోర్నీలు పెడతారు. గెలిచిన జట్టుకి బహుమతి ఏంటో తెలుసా? మేక. అందుకే వాటికి ఖస్సీ టోర్నమెంట్లని పేరు. గెలిచినోళ్లు మేకని ఊరికి తోలుకెళ్లి కోసుకుని అందరూ కలిసి తింటారు. మన కొత్తల పండగకి ఊరంతా కలిసి తిన్నట్టే. ఆట చూసేవాళ్లు, వండేవాళ్లు, తినేవాళ్లు అందరూ ఒక ఊరోళ్లే. నాకు ఆ టోర్నీ చూడాలని ఎంత కోరికో చెప్పలేను.

ఇదంతా ఊరి వైపు. ఇంకో వైపు ఏముందంటే 1985లో రూర్కెలా పక్కన పాన్‌పోష్‌లో సర్కారు స్పోర్ట్స్ హాస్టల్ పెట్టింది. ఊరి టోర్నీలో బాగా ఆడిన పిల్లకి వెళ్లడానికి ఒక చోటు దొరికింది. అక్కడ చదువూ ఉంది, తిండీ ఉంది, ఆటా ఉంది. ఆ తర్వాత రైల్వేలో, స్టీల్ ప్లాంట్‌లో, పోలీసులో ఆటగాళ్ల కోటా ఉద్యోగాలు. ఇలా గొలుసు కుదిరింది. ఊళ్లో ఒక అన్నకి హాకీ కర్ర వల్ల రైల్వే ఉద్యోగం వస్తే ఆ వీధిలో పదిమంది తమ్ముళ్లు కర్ర పట్టుకుంటారు. వాళ్లలో ఒకరికి మళ్లీ ఉద్యోగం వస్తుంది. ఇంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు.

ఆ గొలుసులోంచి, అంతకుముందటి తరం నుంచి కూడా, ఎవరెవరు వచ్చారో చూడండి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 1975లో ప్రపంచ కప్పు గెలిచిన జట్లలో మైకేల్ కిండో. 1980 మాస్కో బంగారు జట్టులో సిల్వానస్ డుంగ్‌డుంగ్. సుందర్‌గఢ్ జిల్లా సౌనామరా ఊరి దిలీప్ టిర్కీ దేశానికి నాలుగొందలకు పైగా మ్యాచ్‌లు ఆడి, మూడు ఒలింపిక్స్‌కి వెళ్లి, 2022 నుంచి హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. ఖుంటి జిల్లా నిక్కీ ప్రధాన్ 2016లో రియో వెళ్లింది. సిమ్‌డేగా జిల్లా సలీమా టేటే 2024లో దేశ మహిళల జట్టుకి కెప్టెన్ అయింది. ఒక్క తరం కాదు, యాభై ఏళ్లుగా వరసగా వస్తూనే ఉన్నారు.

వీళ్లందరికంటే ముందున్న మనిషిని కూడా గుర్తు చేసుకోవాలి. జైపాల్ సింగ్ ముండా. ఖుంటి దగ్గర టక్రా అనే ముండా పల్లెలో పుట్టి, రాంచీ మిషన్ స్కూల్లో చదివి, అక్కణ్ణించి ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్లినవాడు. ఆయన్ని ఆటగాడిగా తయారుచేసింది కాలేజీయే. యూనివర్సిటీ జట్టుకి ఆడి హాకీలో బ్లూ తెచ్చుకున్నాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకి కెప్టెన్. అప్పటికి ఐసీఎస్ శిక్షణలో ఉన్నాడు. ఆటకి సెలవివ్వమంటే ఇవ్వలేదు, అయినా వెళ్లాడు, చివరికి ఆ ఐసీఎస్సే వదులుకున్నాడు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి ఆదివాసీల తరఫున మాట్లాడింది ఆ మనిషే. మనం సభల్లో ఆయన ఫొటో పెట్టి దండ వేస్తాం, రాజ్యాంగ సభ గురించి చెప్పుకుంటాం. ఆటగాడు జైపాల్‌ని మాత్రం పక్కన పెట్టేస్తాం, అది ఏదో కుర్రతనంలో చేసిన పని అన్నట్టు. నాకైతే ఆ రెండూ ఒకటే మనిషి చేసిన పనులు అనిపిస్తుంది. జట్టుని నడిపినవాడికి సభలో గొంతెత్తడం కొత్తేమీ కాదు.

ఇక ఆదివాసీలు కాని చోట్ల సంగతి. పంజాబ్‌లో కాలేజీ ఆటలంటే పెద్ద పరువు. యూనివర్సిటీలన్నిట్లో ఆటల్లో మొదటిదానికి మౌలానా ఆజాద్ ట్రోఫీ ఇస్తారు. అమృత్‌సర్‌లోని గురు నానక్ దేవ్ యూనివర్సిటీ ఒక్కటే దాన్ని ఇరవైకి పైగా సార్లు ఎత్తుకుపోయింది. 2020లో మొదటిసారి ఖేలో ఇండియా యూనివర్సిటీ ఆటలు భువనేశ్వర్‌లో జరిగితే మొదటి స్థానం చండీగఢ్‌లోని పంజాబ్ యూనివర్సిటీది. వాళ్ల కాలేజీల్లో స్పోర్ట్స్ వింగ్ అని ఉంటుంది. అందులో చేరిన పిల్లలకి హాస్టలు, తిండి, కోచ్ కాలేజీవే. దానికింద మళ్లీ ఊరి మేళాలు. లుధియానా జిల్లా కిలా రాయ్‌పూర్‌లో 1933 నుంచి ఊరి ఆటల పండగ జరుగుతోంది. ఊళ్లో మొదలైన ఆటని కాలేజీ అందుకుంటుంది, కాలేజీ నుంచి పోలీసు, రైల్వే, సైన్యం అందుకుంటాయి.

కేరళలో దారి వేరు. 1976లో కన్నూర్‌లో ఆడపిల్లలకి స్పోర్ట్స్ డివిజన్ పెడితే పయ్యోలి నుంచి వచ్చిన పి.టి. ఉష మొదటి జట్టులో చేరింది. ఆ తర్వాత కొత్తమంగళం, చంగనాచేరి, పాలా, ఇరింజాలకుడ లాంటి చిన్న టౌన్ల కాలేజీలు అథ్లెటిక్స్‌ని, వాలీబాల్‌ని పెంచాయి. అక్కడ ఆడిన పిల్లలకి పరీక్షల్లో గ్రేస్ మార్కులుంటాయి. అంటే చదువుకి ఆట అడ్డమని కాకుండా, చదువులో ఆటకీ వాటా ఉందని సర్కారే ఒప్పుకుంది. మిజోరంలో అయితే కాలేజీకంటే చర్చీ, వీధి క్లబ్బూ ముందు. ఆ గల్లీల్లోంచి లేచిన ఐజ్వాల్ ఎఫ్‌సీ 2017లో కోల్‌కతా, గోవా, బెంగళూరు క్లబ్బుల్ని దాటి ఐ-లీగ్ గెలిచింది.

మీరు అనొచ్చు, అన్నా అవన్నీ దూరం కథలు, మన తెలుగు నేల మీద అలాంటిది కుదరదు అని. కుదురుతుంది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అని ఒక ఊరుంది. వెయిట్‌లిఫ్టింగ్ ఊరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో వెండి పతకం అందుకున్న మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. పక్క జిల్లా శ్రీకాకుళంలో ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ వెళ్లి కాంస్యం తెచ్చింది. ఆ ఊళ్లలో ఇనుము ఎత్తే రక్తం ఏమైనా ఉందా? ఒక వ్యాయామశాల ఉంది, నేర్పే మనుషులున్నారు, ముందు వెళ్లి ఉద్యోగం తెచ్చుకున్న అక్కలూ అన్నలూ ఉన్నారు. అక్కణ్ణించి బస్సెక్కితే కొన్ని గంటల్లో మన సవర, జాతాపు గూడేలు వస్తాయి.

మరి మన దగ్గర గొలుసు ఎక్కడ తెగుతోంది? నా లెక్కలో సరిగ్గా పదో తరగతి గేటు దగ్గర.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఈఏపీసెట్, నీట్, స్టడీ అవర్స్. దేశంలో చాలా చోట్ల పదకొండు, పన్నెండు తరగతులు స్కూల్లోనే ఉంటాయి, కాబట్టి స్కూలు గ్రౌండ్ వాళ్లకి ఇంకో రెండేళ్లు దొరుకుతుంది. మన దగ్గర పదో తరగతి అవ్వగానే పిల్లల్ని స్కూలు నుంచి తీసి గ్రౌండ్ లేని బిల్డింగులో వేస్తారు. విద్యా హక్కు చట్టంలో బడికి ఆటస్థలం ఉండాలని రాసి ఉంది, కానీ ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. స్కూల్ గేమ్స్‌లో అండర్-19 అని ఉంటుంది, అది ఇంటర్ పిల్లల కోసమే. ఎన్ని ప్రైవేటు కాలేజీలు తమ పిల్లల్ని ఆ సెలక్షన్స్‌కి పంపుతున్నాయో మీ చుట్టూ చూస్తే మీకే తెలుస్తుంది.

ఇది ఆదివాసీ పిల్లలకి మాత్రమే వచ్చిన తిప్పలు కాదు, ఒప్పుకుంటాను. హైదరాబాద్‌లో చదివే పిల్లకీ కాలేజీలో గ్రౌండ్ ఉండదు. కానీ ఆ పిల్ల తండ్రి దగ్గర డబ్బుంటే సాయంత్రం అకాడమీకి పంపుతాడు. అందుకే మన రాష్ట్రాల్లో పట్నాల్లో ఏ ఆటలు పెరిగాయో చూడండి. బ్యాడ్మింటన్, టెన్నిస్, క్రికెట్. ఫీజు కట్టి నేర్చుకునే ఆటలు. కాలేజీ వదిలేసిన ఆటని బజారు అందుకుంది. ఏజెన్సీలో ఆ బజారు కూడా లేదు.

మన ఊళ్లలో అసలు ఆట లేదని కాదు. సాయంత్రం ఏ కోయ గుంపుకి వెళ్లినా రెండు కర్రలు పాతి వల కట్టి ఉంటుంది. వాలీబాలే ఎందుకు? కొండవాలులో, పోడు భూముల మధ్య చదునైన నేల దొరకడమే కష్టం. వాలీబాల్‌కి పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు చాలు. ఒక వల, ఒక బంతి, అటు ఆరుగురు ఇటు ఆరుగురు. హాకీకో ఫుట్‌బాల్‌కో కావలసిన గ్రౌండ్ అడిగితే ఫారెస్టు వాళ్లు వచ్చి నిలబడతారు. మన నేల, మన బతుకు ఆ ఆటని ఎంచుకున్నాయి.

మన పిల్లలకి ఆ వల, ఆ బంతి ఇచ్చేది ఎవరు? చాలా చోట్ల పోలీసులు. స్టేషన్ తరఫున వాలీబాల్ కిట్లు పంచుతారు, మండల స్థాయి టోర్నీ పెడతారు, కప్పు ఇస్తారు, ఫొటో దిగుతారు. ఆడిన తమ్ముళ్లని నేను తప్పుపట్టను. ఆట ఎక్కడ దొరికితే అక్కడ ఆడతాం. కానీ ఒకసారి ఆలోచించండి. పంజాబ్ పిల్లకి ఆట కాలేజీ నుంచి వస్తుంది, మిజో పిల్లకి వీధి క్లబ్బు నుంచి వస్తుంది. మనకి స్టేషన్ నుంచి వస్తోంది. అది కూడా యువత దారి తప్పకుండా ఉండాలనే పేరు మీద. మనం ఆడేది ఆరోగ్యం కోసమో సంతోషం కోసమో అని ఎవరూ అనుకోరా? బంతి ఇచ్చే చెయ్యి ఎవరిదనేది చిన్న విషయం కాదు.

ఇంక విల్లు సంగతి మాట్లాడకుండా ఎలా ఉంటాం? మన జెండాల మీద, మన విగ్రహాల చేతుల్లో, మన సభల పోస్టర్ల మీద విల్లంబులే. కానీ ఆంధ్రలో ఆర్చరీకి కేంద్రం ఏది? విజయవాడ. వోల్గా ఆర్చరీ అకాడమీ అక్కడే ఉంది. హాంగ్‌జౌ ఆసియా ఆటల్లో మూడు బంగారు పతకాలు గెలిచిన జ్యోతి సురేఖ అక్కడి అమ్మాయి. పారిస్ ఒలింపిక్స్ ఆడిన బొమ్మదేవర ధీరజ్ అక్కడి అబ్బాయి. వాళ్ల కష్టం వాళ్లది, నేను దండం పెడతాను. నేను చెప్పేది వేరే. పోటీలో వాడే విల్లు లక్షల్లో ఉంటుంది. గురి చూడ్డానికి 70 మీటర్ల ఖాళీ రేంజి కావాలి, రోజూ వందల బాణాలు వేయడానికి టైం కావాలి, పక్కన నిలబడి చెప్పే కోచ్ కావాలి. అవి విజయవాడలో ఉన్నాయి, చింతూరులో లేవు. తాత చేతిలో విల్లు ఉన్నంత మాత్రాన మనవడికి రేంజి రాదు.

సర్కారు ఎప్పుడూ పట్టించుకోలేదని కూడా అనలేం. 1980లలో ఆదివాసీ ప్రాంతాల్లో వెతికి విలుకాళ్లని ఎంపిక చేశారు. రాజస్థాన్ ఉదయ్‌పూర్ జిల్లా నుంచి లింబా రామ్ అలా దొరికాడు. 1987లో ట్రయల్స్, 1988లో సియోల్ ఒలింపిక్స్. వరసగా మూడు ఒలింపిక్స్ ఆడాడు. అద్భుతమే. కానీ ఆ పద్ధతి చూడండి. అడవికి వచ్చి ఏరుకుని తీసుకెళ్లడం. ఇప్పపూలు ఏరుకున్నట్టు. ఏరుకెళ్లాక ఆ ఊళ్లో ఏం మిగిలింది? సుందర్‌గఢ్‌లో మాత్రం ఆట ఊళ్లోనే ఉండిపోయింది, కాబట్టి ఒకరు పోతే ఇంకొకరు వచ్చారు. మన దగ్గర కూడా టాలెంట్ హంట్ అనే మాట వినిపించినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. పేరు కూడా అలాగే పెట్టారు చూడండి, వేట అని.

గురుకులాల గురించి మంచి మాట చెప్పాల్సిందే. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ గురుకుల విద్యార్థులుగా భువనగిరి గుట్ట మీద నేర్చుకుని 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. గురుకులంలోనే చదువుకున్న అగసర నందిని హాంగ్‌జౌలో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది. బడిలో తిండి, గ్రౌండ్, నేర్పే మనిషి, కొంచెం పట్టుదల ఉన్న అధికారి కలిస్తే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మన గిరిజన గురుకుల జూనియర్ కాలేజీల్లో గ్రౌండ్ చాలావరకు ఉంటుంది. లేనిది టైం. ఇంటర్ సెక్షన్ రాగానే పొద్దున ఐదున్నరకి స్టడీ, సాయంత్రం స్టడీ, రాత్రి స్టడీ. పీడీ సార్‌ని భోజనాల డ్యూటీలో వేస్తారు. గేటు అవతలి కార్పొరేట్ కాలేజీని చూసి మనవాళ్లు కూడా ర్యాంకుల పరుగులో పడ్డారు. ర్యాంకు వద్దని నేను అనడం లేదు. సాయంత్రం ఒక గంట పరిగెత్తిన పిల్ల ర్యాంకు పోగొట్టుకుంటుందని ఎవరు చెప్పారు?

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. తమ్ముడు కాలేజీలో ఆడకపోయినా సెలవులకి ఊరొచ్చినప్పుడు వల దగ్గరికి వెళ్తాడు. చెల్లి వెళ్లదు. వెళ్లినా అంచున నిలబడి చూస్తుంది. ఆమెకి ఆట దొరికే చోటు బడి ఒక్కటే, అది పదితో అయిపోతుంది. సిమ్‌డేగాలో ఆడపిల్లలు ఊళ్లోనే కర్ర పట్టుకుంటారు, ఊరే వచ్చి చూస్తుంది. మన గూడేల్లో అలా ఎందుకు కాలేదు? దీనికి సర్కారుని తిట్టి చేతులు కడుక్కోలేం. ఊరి వల దగ్గర వారంలో రెండు రోజులు అక్కచెల్లెళ్లకి అని మన యువజన సంఘాలే పెట్టొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక్క రూపాయీ అక్కర్లేదు.

కోటాల గురించి ఒక మాట. ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా ఉంది. ఉమ్మడి రాష్ట్రం నుంచి రెండు శాతం వస్తోంది, ఆంధ్రప్రదేశ్ 2024 క్రీడా విధానంలో దాన్ని మూడు శాతం చేసింది. ఇంజనీరింగ్ సీట్లలో అర శాతం ఉంది. కాగితం మీద మనకీ హక్కుంది. కానీ ఆ కోటా అడిగేది రాష్ట్ర, జాతీయ స్థాయి సర్టిఫికెట్లు. అవి ఎక్కువగా వచ్చే వయసు పదహారు నుంచి ఇరవై రెండు దాకా. మన పిల్ల సరిగ్గా ఆ వయసులో గ్రౌండ్ లేని బిల్డింగులో ఉంటుంది. చివరి మెట్టు మీద సీటు వేసి, మధ్యలో నాలుగు మెట్లు తీసేస్తే ఆ సీటు ఎవరికి?

ఇంతా చెప్పాక, మన పెద్దలు కొందరు అనే మాట కూడా వినాలి. భూమి పోతుంటే, పోడు పట్టాలు రాక మనుషులు కేసుల్లో తిరుగుతుంటే, ఆటలేంటిరా అంటారు. ఆ మాటలో నిజం ఉంది. సుందర్‌గఢ్‌నే తీసుకోండి. 1950లలో రూర్కెలా స్టీల్ ప్లాంటు కోసం, దానికి నీళ్లిచ్చే మందిరా డ్యామ్ కోసం వెళ్లగొట్టింది ఆదివాసీ ఊళ్లనే. 2023 ప్రపంచ కప్పు కోసం అదే రూర్కెలాలో ఇరవై వేలమంది కూర్చునే హాకీ స్టేడియం కట్టారు. దానికి బిర్సా ముండా పేరు పెట్టారు. బిర్సా దేనికోసం కొట్లాడాడో మీకు తెలుసు. స్టేడియం చూసి భూమిని మర్చిపోతే అది మన తప్పే అవుతుంది.

కానీ నేను ఆటని భూమికి బదులు అడగడం లేదు. అసలు ఆటకి కావలసిన మొదటి వస్తువే భూమి. పోలవరం కింద ఊళ్లు ఖాళీ చేసి కాలనీలకి వెళ్లినవాళ్లని అడగండి. పాత ఊళ్లో పిల్లలు ఎక్కడ ఆడుకునేవాళ్లు, ఇప్పుడు ఎక్కడ ఆడుకుంటున్నారు అని. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో పునరావాస కాలనీకి ఇవ్వాల్సిన సౌకర్యాల వరసలో పిల్లల ఆటస్థలం కూడా ఉంది. రోడ్డు అడిగాం, నీళ్లు అడిగాం, అది మనం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద గ్రామసభ సిఫారసు చేస్తే బడికి, కమ్యూనిటీ హాలుకి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. ఆ పదమూడు రకాల పనుల్లో ఆటస్థలం అని విడిగా లేదు. చట్టం రాసినవాళ్లకీ అది తట్టలేదన్నమాట. అయినా బడికి అడిగేటప్పుడే దాని ఆటస్థలాన్ని కూడా కలిపి తీర్మానం రాయడానికి మనకి అడ్డేముంది?

కాబట్టి అకాడమీలు, స్టేడియాలు తర్వాత. ముందు ఏజెన్సీ మండలాల్లో ఉన్న ప్రతి సర్కారు జూనియర్ కాలేజీకి, గురుకులానికి ఒక పీడీ పోస్టు నింపాలి, టైంటేబుల్లో సాయంత్రం గంట రాసి ఉండాలి, ఆ గంటలో స్టడీ పెట్టకూడదు. ఐటీడీఏ జోనల్ మీట్లు ఇప్పుడు ఆశ్రమ పాఠశాలల పిల్లలకి ఎలా పెడుతున్నారో, అలాగే ఇంటర్, డిగ్రీ చదివే ఆదివాసీ పిల్లలకీ పెట్టాలి. ప్రైవేటు కాలేజీలో చదివేవాళ్లని కూడా కలుపుకుని. ఈ మూడు మాటలు వచ్చే ఆగస్టు 9న మన అర్జీల్లో ఉండాలని నా కోరిక. పోడు పట్టాల అర్జీ కిందే, దాన్ని తీసేసి కాదు.

మా మేనకోడలు ఈ ఏడాది ఇంటర్‌లో చేరింది. ఆశ్రమ పాఠశాలలో కబడ్డీ రైడర్. మోకాళ్లమీద రెండు మచ్చలు, వాటిని అందరికీ చూపిస్తుంది. అడ్మిషన్‌కి నేనే తీసుకెళ్లాను. ఫారంలో కులం, ఆదాయం, పదిలో మార్కులు, ఆధార్ నంబరు అన్నీ రాశాం. చివర్లో ఆ పిల్ల కాగితం వెనక్కి తిప్పి చూసింది. "మామా, గేమ్స్ ఎక్కడ రాయాలి?" అంది. కౌంటర్‌లో ఉన్న ఆయన తలెత్తకుండానే అన్నాడు, "అవన్నీ ఇక్కడ లేవమ్మా." ఆమె బూట్లు ఇప్పుడు మా ఇంటి అటక మీద ఉన్నాయి.